సంచిలో పంపిన ఊపిరి

జనవరి 6

వదినకు,

నీకు దగ్గు వస్తుందా, లేక నువ్వు దగ్గుతావా?

ఇరవై ఏళ్లుగా అడగాలనుకుని, గొంతుదాకా తెచ్చుకుని మింగేసిన ప్రశ్న ఇది. మేం బాగున్నాం, మీరూ బాగున్నారని తలుస్తాను అని మొదలుపెడితే మొదటి వాక్యంలోనే అబద్ధం ఆడినట్టవుతుంది కాబట్టి నేరుగా అడిగేశాను.

రెండూ ఒకటి కాదు వదినా. వచ్చే దగ్గుకు వేళాపాళా ఉండదు. నీ దగ్గుకు టైంటేబుల్ ఉంది. నేను మీ గుమ్మంలో బ్యాగు దించిన గంటకు మొదటిసారి గొంతు సవరించుకుంటావు. భోజనాల దగ్గర రెండోసారి. మర్నాటికల్లా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడతావు, అన్నయ్య పక్కన చేరి వీపు రాస్తుంటాడు, నేను దోషిలా నీళ్ల గ్లాసు పట్టుకుని చూస్తుంటాను. నేను తిరుగుబస్సెక్కిన మూడో రోజుకు నువ్వు బస్ స్టేషన్ మైకు ముందు కూర్చుని గుక్క తిప్పుకోకుండా ముప్ఫై ఊళ్ల పేర్లు చదివేస్తుంటావట. అన్నయ్యే చెప్పాడు, గర్వంగా.

చదువుకుంటూ మీ ఇంట్లో నేను మూడేళ్లున్నాను. ఆ మూడేళ్లలో నువ్వు ఒక్కసారి దగ్గగా వినలేదు. నాకు ఉద్యోగం వచ్చి, ఈ ఊళ్లో గది తీసుకుని, ఏడాదికి రెండుసార్లు చుట్టపుచూపుగా రావడం మొదలయ్యాకే నీకీ జబ్బు పుట్టింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మూడేళ్ల కిందట వచ్చినప్పుడు రెండో రోజున అన్నయ్య నా మొహం చూడలేక గోడకేసి చూస్తూ, “ఈసారికి లాడ్జిలో ఉండమ్మా, దానికి బొత్తిగా బాగా లేదు” అన్నాడు. సొంత అన్న ఉన్న ఊళ్లో లాడ్జి రిజిస్టరులో పేరు రాసుకున్నాను. ఆ తర్వాత మీ వీధి తొక్కలేదు. బయల్దేరే ముందు మొహం కడుక్కుంటూ మీ అద్దం వెనక అర తెరిచాను. క్రీములూ, పౌడర్లూ, అడుగున ఎర్రగా ఉన్న తెల్లటి గుండ్రటి డబ్బా ఏదో, అన్నీ ఎంత తీరుగా సర్దుకున్నావో! జబ్బుమనిషి అర అలా ఉండదు అనుకున్నాను.

అసలు సంగతి. మా ఆస్పత్రివాళ్లు మీ ఊళ్లో కొత్తగా ఊపిరితిత్తుల విభాగం తెరుస్తున్నారు. ఊపిరి పరీక్షల గది పెట్టి నడిపించమని నన్ను రెండేళ్లకు పంపుతున్నారు. మీ మేడ మీది గది ఖాళీగా ఉంది. అన్నయ్యనడిగితే “వదిన ఇష్టం” అన్నాడు. ఆయన ఇరవై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు గానీ, మన ఇద్దరి మధ్యా రెండు అంతస్తుల నడుమ ఇరుక్కున్న దాన్ని మాత్రం ముట్టుకోడు.

అందుకని నిన్నే అడుగుతున్నాను. గది ఇస్తావా? లేక ఇప్పటినుంచే దగ్గడం మొదలుపెడతావా?

కాగితం మూల నలిగింది, ఏమీ అనుకోకు. సూపరింటెండెంటు దాని మీద కూర్చుంది. దించితే మళ్లీ ఎక్కుతుంది. ఈ ఊరొచ్చాక నేను పెంచిన రెండో పిల్లి, పద్నాలుగేళ్లొచ్చాయి, ఎవరి మాటా లెక్కలేదు. మీ ఇద్దరికీ బాగా పడేది.

జవాబు రాయవని తెలిసీ రాసే,
నీ ఆడపడుచు


జనవరి 11

ఊపిరి పరీక్షల ఆఫీసరుగారికి,

ప్రయాణికులకు విజ్ఞప్తి. మీరు ఎదురుచూస్తున్న జవాబు అయిదు రోజుల ఆలస్యంగా వచ్చుచున్నది. అసౌకర్యానికి మేమేమీ చింతించడం లేదు.

నీ ఉత్తరం మడత విప్పానో లేదో దగ్గు వచ్చింది. నవ్వుకో. నీ అక్షరాలు చూసినా వస్తుందని రాసుకో, నీ కేసుకు పనికొస్తుంది.

ఫోన్ చెయ్యొచ్చు కదా అని మీ అన్నయ్య అంటారు. చెయ్యను. ఫోన్లో రెండు మాటలకు ఒకసారి దగ్గు వస్తే నువ్వు అవతల పెదవి విరుస్తావు. నాకు కనిపించకపోయినా వినిపిస్తుంది. ఉత్తరంలో దగ్గు వినపడదు. నేను ఎక్కడ ఆగానో, ఎక్కడ కుర్చీ పట్టుకున్నానో నీకు తెలియదు. ఒక్క ఉత్తరంలోనే నేను నీతో సమానంగా మాట్లాడగలను.

నువ్వు మా ఇంట్లో ఉన్న మూడేళ్లూ నాకూ గుర్తున్నాయి. నీ పుస్తకాలకు అట్టలు వేసింది నేను. పరీక్ష ఫీజుకు ఆఖరి రోజున నిన్ను బస్సెక్కించింది నేను. ఇన్నేళ్లకు చుట్టమై వచ్చి బాత్రూం అర తెరిచి నా పౌడరు డబ్బాలు లెక్కపెట్టిందట పెద్ద చదువుల మనిషి. ఇంకా ఏయే అరలు తెరిచావో చెప్తే తాళాలు కొనుక్కుంటాను.

గది ఇవ్వను. కోపంతో కాదు. నువ్వు వచ్చినప్పుడల్లా నాకు ఊపిరి ఆడదు, అది నీకు నటన. సంవత్సరానికి నాలుగు రోజులకే కిటికీ పట్టుకున్న దాన్ని, రెండేళ్లు ఎలా పట్టుకోను? ఎందుకు వస్తుందో నాకూ తెలియదు. నీ మీద కోపం లోపల గడ్డకట్టి అలా వస్తుందేమో అని నేనే అనుకున్న రోజులున్నాయి. నాలుగేళ్ల కిందట మా బస్ స్టేషన్ డిస్పెన్సరీలో డాక్టరు వేరేమాట చెప్పాడు. నీకు చెప్పను. చెప్తే ఆయన ఎక్కడ చదివాడు, ఎన్నో ర్యాంకు అని విచారణ మొదలుపెడతావు.

నీ మిషన్‌కు అంత తెలిస్తే నా ఊపిరినీ అడిగి చూడు. కానీ నేను రాను, నువ్వు రావద్దు. ఏం చేస్తావో చేసుకో.

మూడో నంబరు ప్లాట్‌ఫారం నుంచి,
వదిన


జనవరి 16

వదినా,

నువ్వే అడిగావు, గుర్తుంచుకో.

ఈ పెట్టెలో రెండు వెండిరంగు సంచులున్నాయి. మా దగ్గరికి రాలేనివాళ్ల ఊపిరి వీటిలో పట్టి తెప్పించుకుంటాం. పొద్దున ఊది ఆరింటి బస్సు డ్రైవరు చేతికి ఇస్తే మధ్యాహ్నానికి నా బల్ల మీద ఉంటుంది. ఆ డ్రైవరు నీ మైకు గొంతుకు వీరాభిమాని అట. కాబట్టి సంచి కింద పడెయ్యడు.

నా పనిని నువ్వు పదిమందిలో “ఊదించే ఉద్యోగం” అంటావని తెలుసు. కాబట్టి ఒక్కసారి వివరంగా చెప్తాను, బుర్రలో పెట్టుకో. ఊపిరిగొట్టాల గోడలు ఎలర్జీతో వాచి మండుతుంటే ఆ గోడలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును ఎక్కువ వదులుతాయి. మనం వదిలే ఊపిరిలో వంద కోట్ల పాళ్లకు అది ఎన్ని పాళ్లుందో మిషన్ చెబుతుంది. పెద్దవాళ్లలో ఇరవై అయిదు లోపు ఉంటే లోపల చల్లగా ఉన్నట్టు. యాభై దాటితే మండుతున్నట్టు. మనిషి బతిమాలినా, ఏడ్చినా, కిటికీ పట్టుకుని నిలబడినా ఆ అంకె మారదు. అందుకే నాకు మనుషులకన్నా అదంటే గౌరవం.

ముందు రోజు సాయంత్రం నుంచి బీట్‌రూట్, ఆకుకూరలు ముట్టకు, అవి అంకెను పెంచుతాయి. ఊదే ముందు గంటసేపు ఏమీ తినకు, తాగకు. సిగరెట్ పొగలో నిలబడకు, అది అంకెను దించుతుంది. నిండా గాలి పీల్చి, గొట్టం పెదవుల మధ్య బిగించి, పది సెకన్లు ఒకే తీరున, మెల్లగా ఊదు. పుట్టినరోజు కొవ్వొత్తిని ఆర్పినట్టు కాదు, ఆరిపోకుండా వంచుతున్నట్టు.

ఇప్పుడు పందెం. ఇరవై అయిదు లోపు వస్తే గది నాది. యాభై దాటితే ఈ జన్మలో గది మాట ఎత్తను, పైగా నీ కాళ్లు పట్టుకుంటాను. మధ్యలో వస్తే అన్నయ్యను తీర్పు చెప్పమందాం, ఆయన చెప్పడు, ఎప్పటిలాగే ఉండిపోదాం.

ఈ పెట్టె సూపరింటెండెంటుకు బాగా నచ్చింది. రెండు రోజులు అందులోనే నిద్ర. లేపి పంపుతున్నాను.

నిర్ధారణ కోసం చూసే,
ఆడపడుచు


జనవరి 21

ఆఫీసరుగారికి,

నీ సంచి ఇదిగో.

అనౌన్సుమెంట్ గదిలోనే ఊదాను. టికెట్ల గుమాస్తా కిటికీలోంచి తల దూర్చి “ఏంటమ్మగారూ, బెలూన్లా?” అంది. “మా ఆడపడుచుకు నా ఊపిరి కావాలట, పంపిస్తున్నా” అన్నాను. “ఇన్నాళ్లూ తీసింది చాలదా?” అంది. ఎంత తెలివైందో చూడు, పదో తరగతి కూడా దాటలేదు.

బీట్‌రూట్ తినలేదు. ఆకు ముట్టలేదు. పొగలో నిలబడలేదు. మీ అన్నయ్య చేతి గడియారం చూస్తూ పది లెక్కపెట్టారు. ఏడు దగ్గర నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆయన లెక్క ఆపలేదు. లిఫ్టు పరీక్షకు ఒక్కో బరువూ వేసినట్టు ఒక్కో అంకే వేశారు.

రెండో సంచి ఉంచుకున్నాను. నీ మిషన్ తప్పు చెబితే మళ్లీ ఊదడానికి.

వదిన


జనవరి 23

పూజ్యురాలైన వదినకు,

పదమూడు.

మళ్లీ రాస్తున్నాను, కళ్లద్దాలు పెట్టుకుని చదువుకో. పదమూడు. మా గదికి వచ్చే క్రీడాకారులకు కూడా ఇంత శుభ్రమైన అంకె రాదు. నీ ఊపిరిగొట్టాలు కడిగిన గాజు గొట్టాల్లా ఉన్నాయి. ఎలర్జీ లేదు, మంట లేదు, వాపు లేదు.

నాకు ఆశ్చర్యం కలగలేదు. కొంచెం జాలి కలిగింది. ఇరవై ఏళ్లు ఒకే నాటకం, ఒకే పాత్ర, ఒకే కిటికీ. అన్నయ్య వీపు రాసిన గంటలన్నీ కలిపితే ఒక భవంతికి లిఫ్టు బిగించి ఉండేవాడు. డిస్పెన్సరీ డాక్టరు ఏదో వేరేమాట చెప్పాడన్నావు. బస్ స్టేషన్‌లో కాళ్లనొప్పులకు మాత్రలు రాసే డాక్టరు నీ కళ్లు చూసి ఏం చెప్పినా చెప్తాడు. అంకె అలా చెప్పదు. నీకు ఏ మందూ అక్కర్లేదు వదినా. నీకు కావలసింది మందు కాదు, ప్రేక్షకులు.

నెగ్గినవాళ్లు ఉదారంగా ఉండాలి కాబట్టి ఇదే డ్రైవరు చేత నా బూడిదరంగు ఉన్ని శాలువా పంపుతున్నాను. నాలుగు చలికాలాలు కప్పుకున్నది, మెత్తగా అయింది. ఒకసారి దాన్ని చేత్తో నిమిరి “బాగుంది” అన్నావు, అప్పుడు ఇవ్వబుద్ధి కాలేదు. అనౌన్సుమెంట్ గదిలో చలి అంటావుగా, కప్పుకో.

మార్చి ఒకటికి వస్తాను. గది కడిగించు.

ఇంత రాశాక, సరిగ్గానే రాశానా అని ఒక్క క్షణం అనిపించింది. నాకు అన్నింటికీ అలా అనిపిస్తుంది, తాళం వేశాక కూడా నాలుగుసార్లు లాగి చూస్తాను. అంకె వచ్చాక కూడా అనుమానపడితే ఇక చదువెందుకు?

పందెం నెగ్గిన,
ఆడపడుచు


ఫిబ్రవరి 7

అమ్మాయ్,

గది కడిగించాను. కిటికీకి కొత్త గొళ్లెం పెట్టించాను. నీ పుస్తకాలకు అర ఖాళీ చేశాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి సిగ్గేసింది. మూడోసారి, ఏమో, నిజమేనేమో అనిపించింది. చదువుకున్నదానివి, నా ఊపిరి తెప్పించుకుని మరీ చూశావు. మనసులో ఉన్న కచ్చ గొంతులోంచి వస్తోందేమో. నువ్వు చెప్పినట్టే చేశాను, అన్నీ మానేశాను. శాలువా బాగుంది, పొద్దస్తమానం దాన్లోనే ఉంటున్నాను.

కానీ ఒక సంగతి. మూడు రోజులుగా నువ్వు లేకుండానే దగ్గుతున్నాను. ప్రేక్షకులు లేరు. నిన్న మైకులో “రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద” అని మొదలుపెట్టి ఆపలేకపోయాను. ఊరి పేరు చెప్పేలోపు బస్సు వెళ్లిపోయింది. ఒక ముసలాయన కిటికీ దగ్గరికొచ్చి “అమ్మా, నా బస్సు పోయింది గానీ, ముందు నువ్వు నీళ్లు తాగు” అన్నాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. పద్ధెనిమిదేళ్లలో నా వల్ల ఒక్కరూ బస్సు తప్పలేదు.

అందుకే ఈ పొద్దున రెండో సంచి ఊదాను. మీ అన్నయ్య పది లెక్కపెట్టలేదు, ఆరు దగ్గర ఆపేసి మళ్లీ ఊదమన్నారు. రెండోసారికి కుదిరింది. ఇందులో కూడా పదమూడే ఉంటే నాకు చెప్పు. ఉంటే మంచిదే. నా బుద్ధి మార్చుకునే దారి చూసుకుంటాను.

వదిన


ఫిబ్రవరి 9

వదినా,

ఎంత బీట్‌రూట్ తిన్నావు?

ఎనభై ఆరు వచ్చింది. మిషన్ పాడైందేమోనని నా ఊపిరితో చూసుకున్నాను, బాగానే ఉంది. మళ్లీ నీ సంచి పెట్టాను, ఎనభై నాలుగు. మూడోసారి ఎనభై ఆరు. రెండు వారాల్లో పదమూడు నుంచి ఎనభై ఆరు! ఊళ్లో ఉన్న ఆకుకూరల దుకాణం మొత్తం ఊడ్చేశావా?

తప్పు నాదే. ఏం తింటే అంకె పెరుగుతుందో రాసి మరీ పంపాను. గది కడిగించానని, అర ఖాళీ చేశానని, సిగ్గేసిందని, అంత మెత్తగా రాసినప్పుడే నాకు అనుమానం రావలసింది. నువ్వు ఎప్పుడు నాతో మెత్తగా మాట్లాడావు? ఆ ముసలాయన కథ కూడా బాగుంది. బస్సు తప్పినవాడు నీళ్లు తాగమనడం! నిజజీవితంలో బస్సు తప్పినవాడు తిడతాడు వదినా.

నన్ను మోసం చెయ్యి, ఫర్వాలేదు, ఇరవై ఏళ్లుగా అలవాటే. కానీ నా పనిని మోసం చేశావు. నేను ఒకే ఒక్కదాన్ని నమ్ముతాను, దాంట్లోకి కూడా నీ నాటకం తెచ్చిపెట్టావు. గది నాకొద్దు. లాడ్జి అలవాటైంది.

ఇంత కష్టపడి తిన్నావు కదా, కడుపు జాగ్రత్త.

ఆడపడుచు


ఫిబ్రవరి 14

అమ్మాయ్,

ఈ అక్షరాలు మీ అన్నయ్యవి, మాటలు నావి. ఆస్పత్రి మంచం మీద పడుకుని చెప్తున్నాను, ఆయన లిఫ్టు రిపోర్టులు రాసే పుస్తకంలో రాస్తున్నారు. చిన్న చిన్న వాక్యాలు చెప్తాను. పెద్దవి ఇంకా పూర్తి కావడం లేదు.

ఏడో తారీకు పొద్దున సంచి పంపాను. సాయంత్రం డ్యూటీలోనే పడిపోయాను. టికెట్ల గుమాస్తా నా కుర్చీలో కూర్చుని మైకులో “డాక్టరెవరైనా ఉన్నారా” అని అరిచిందట. ఊరి పేరు లేకుండా ఆ మైకులో వచ్చిన మొదటి ప్రకటన. ఒక రోజంతా మొహానికి మాస్కు. మాట లేదు. ఇప్పుడు ఫర్వాలేదు.

నీ ఉత్తరం ఇక్కడికే తెచ్చిచ్చారు డ్రైవరు. బీట్‌రూట్ దగ్గర నవ్వాను. నవ్వితే మళ్లీ మాస్కు పెట్టారు. నర్సు ఉత్తరం లాక్కుంది.

ఇక్కడి డాక్టరమ్మ అడిగింది, “మందేమన్నా వాడుతున్నారా?” అని. “వాడేదాన్ని. తెల్ల డబ్బా, ఎర్ర అడుగు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పీల్చాలి. నాలుగేళ్లు పీల్చాను. రెండు వారాల కిందట మానేశాను” అన్నాను. “ఎవరు మానమన్నారు?” అంది. “మా ఆడపడుచు. ఊపిరి కొలిచే ఆఫీసరు” అన్నాను. పాపం, ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టేసింది. ఆ మందు పీలుస్తుంటే అంకె చల్లగానే వస్తుందట కదా. మంట లేకపోవడం కాదట, మంట మీద నీళ్లు పడుతుండడమట. నీకు తెలియదా?

నువ్వు అడగలేదు. అదే చెప్తున్నాను. బీట్‌రూట్ అడిగావు. సిగరెట్ అడిగావు. ఆ డబ్బా సంగతి అడగలేదు. అది నీకెందుకు చెప్పలేదంటావేమో. నువ్వు వచ్చినప్పుడల్లా దాన్ని పౌడర్ల మధ్య దాచేదాన్ని. చూస్తే ఇంకో నాటకం సామాను అంటావని.

తర్వాత, “ఇంట్లో పిల్లి ఉందా?” అంది. లేదన్నాను. “చుట్టాల ఇంట్లో?” అంది. మీ అన్నయ్య ఇంటికి వెళ్లి శాలువా సంచిలో కట్టి తెచ్చారు. డాక్టరమ్మ కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. సగం ఉన్ని, సగం నీ సూపరింటెండెంటు. రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. నువ్వు మా ఇంట్లో ఉన్న మూడేళ్లు నీకు పిల్లి లేదు. అంతే అమ్మాయ్. ఇరవై ఏళ్ల కచ్చ అంతా నీ బట్టలకు అంటుకుని వచ్చిన బొచ్చు.

నాకు ఎంత తేలికగా ఉందో తెలుసా? నేను లోలోపల నిన్ను అసహ్యించుకుంటున్నాననుకున్నాను. కాదు. పైపైనే.

పందెం సంగతి. పదమూడూ వచ్చింది, ఎనభై ఆరూ వచ్చింది. గది నీది, నీది కాదు కూడా. నువ్వే తేల్చు. నా కాళ్లు పట్టుకోవడం మాత్రం వద్దు, నాకు కితకితలు.

వదిన

చెల్లీ, ఇక్కడినుంచి నా మాటలు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు మొదట తలుపు కొడతారు. తర్వాత అరుస్తారు. తర్వాత ఏ చప్పుడూ రాదు. ఆ చప్పుడు ఆగినప్పుడే నేను మెట్లమీద పరిగెడతాను. ఇరవై ఏళ్లు మీ వదిన తలుపు కొడితే గోడకేసి చూశాను. ఆ సాయంత్రం బస్ స్టేషన్‌కు వెళ్లేసరికి చప్పుడు లేదు. ఆ డబ్బా సంగతి నీకు తెలుసనుకున్నాను, నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదా. నిన్ను ఏమీ అనను. నన్నూ ఏమీ అనవద్దు. ఇప్పుడే రావద్దు, నీ బట్టల వల్ల.


ఫిబ్రవరి 18

వదినా,

ఈ ఉత్తరం ఇంట్లో రాయడం లేదు. పొద్దున డ్యూటీకి రాగానే ఆస్పత్రివాళ్ల ఉతికిన గౌను వేసుకుని, కొత్త కాగితాల కట్ట విప్పి, పరీక్షల గదిలో రాస్తున్నాను. కవరు ఇక్కడే అంటిస్తాను. మడత విప్పినప్పుడు దగ్గు రాకూడదు. వస్తే అది నా అక్షరాల వల్లే, ఒప్పుకుంటాను.

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి నాకు నేను గొప్ప వినోదంగా ఉన్నాను. నిన్న ఒక అమ్మాయి ఊదడానికి వచ్చింది. వాళ్ల అత్తగారు వెంట వచ్చి, “అంతా వేషాలండీ, మీరే చెప్పండి” అంది. ఆవిడ గొంతు అచ్చం నా గొంతులాగే ఉంది. ఆ పెదవి విరుపు కూడా. ఇన్నాళ్లు ఇలాంటివాళ్లను బయట కూర్చోబెట్టి తలుపు వేసేదాన్ని, అంత నీచంగా చూసేదాన్ని. నన్ను నేను ఏ తలుపు బయట కూర్చోబెట్టుకోను?

ముసలాయన నీళ్లు తాగమన్నాడని నమ్మలేదు నేను. నా అంకెలు నమ్మాను. అంకె అబద్ధం చెప్పలేదు, నిజమే. పదమూడూ నిజమే, ఎనభై ఆరూ నిజమే. మధ్యలో అబద్ధం నేను. ఒకవేళ నువ్వు ఏ మందూ వాడకుండానే పదమూడు వచ్చినా నీకు దగ్గు లేదని రుజువు కాదు. చల్లటి అంకెతో ఊపిరాడనివాళ్లు వారానికి నలుగురు వస్తారు, నేనే వాళ్లకు ఓపిగ్గా వివరిస్తాను. ఆ నలుగురిలో ఎవరూ నా వదిన కాదు కాబట్టి వివరించగలిగాను.

గది సంగతి తేల్చేశాను. వద్దు. ఆస్పత్రి పక్కన గది చూసుకున్నాను. సూపరింటెండెంటు ముసలిది, ఎవరికీ ఇవ్వలేను. నిన్ను చూడ్డానికి వచ్చేముందు ఆస్పత్రిలో స్నానం చేసి, అక్కడే బట్టలు మార్చుకుని వస్తాను. డాక్టరమ్మ ఒప్పుకుంటేనే. నీ మైకు గదికి కాదు, బయట బెంచీ దాకా. నువ్వు కిటికీలోంచి మాట్లాడు. దగ్గొస్తే లేచి వెళ్లిపోతాను, నీళ్ల గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడను. శాలువా తగలబెట్టమను అన్నయ్యను. మందు మానొద్దు. ఇది నేను చెబితే వినకు, డాక్టరమ్మ చెబితే విను.

ఇక నీకు చెప్పవలసింది ఒకటి మిగిలింది. నువ్వు నేను అడగలేదన్నావు. అంతకన్నా ఎక్కువే చేశాను.

మా దగ్గర ప్రతి ఊపిరికీ ఒక ఫారం ఉంటుంది. పది గళ్లు. మొదటి గడి వయసు, రెండోది ఎత్తు, అలా. ఆరో గడి, “ప్రస్తుతం పీల్చే మందు ఏదైనా వాడుతున్నారా?” రోజుకు ముప్ఫైమందిని అడుగుతాను. అడగకుండా మిషన్ తెరవను. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పేది అదే, “ఆరో గడి ఖాళీగా ఉంటే మనిషిని ఊదనివ్వకండి” అని. నీ ఫారం నీకు పంపలేదు. నేనే నింపాను. నీ వయసు తెలుసు, ఎత్తు తెలుసు, అన్నీ తెలుసు కదా అనుకున్నాను. ఆరో గడిలో “లేదు” అని రాశాను. నిన్న తీసి చూశాను. నా అక్షరమే, గుండ్రంగా, స్పష్టంగా, ఎక్కడా తొట్రుపాటు లేదు.

తెల్ల డబ్బా, ఎర్ర అడుగు. నా బల్ల మీద అలాంటివి రోజుకు ఆరేడు పెడతారు. వాటిని ఎలా తిప్పాలో, ఎలా పీల్చాలో చూపించేది నేను. మూడేళ్ల కిందట నీ అద్దం వెనక దాన్ని చూశాను, పౌడర్ల మధ్య ఉందని పౌడరనుకున్నాను. అది ఎలా ఉందో జనవరిలో నీకు రాశాను కూడా. మనిషి మర్చిపోయినవాటిని రంగుతో సహా ఉత్తరంలో రాస్తుందా? రాయదనిపిస్తుంది. మళ్లీ, తెలిసే ఉంటే నీకే ఎందుకు రాస్తాను, దాచుకుంటాను కదా అనిపిస్తుంది. నాలుగు రోజులుగా తాళం లాగి చూసినట్టు ఈ రెండింటినీ లాగి చూస్తున్నాను.

నీకు క్షమాపణ చెప్పాలంటే దేనికి చెప్తున్నానో తెలియాలి. తెలియక చేసినదానికైతే ఒక మాట, తెలిసి చేసినదానికైతే వేరే మాట. నాకు ఏ మాటా రావడం లేదు. ఆరో గడిలో “లేదు” అని రాసిన క్షణాన నాకు తెలియక రాశానో, తెలుసుకోకూడదని రాశానో, వదినా, నేను తేల్చుకోలేకపోతున్నాను.

నీ ఆడపడుచు